స్పోర్ట్స్ క్రూయిజర్‌కు మారే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

మొదటి మోటారు బోటు నుంచి స్పోర్ట్స్ క్రూయిజర్‌కు (లోపల పడుకునే క్యాబిన్ ఉన్న వేగవంతమైన మోటారు బోటుకు) మారేవారు క్యాబిన్ సొగసు చూసి అడ్వాన్సు ఇవ్వకూడదు. ఎంపికలో మిగిలిన ప్రతి బోటునూ నీటిలోంచి పైకి తీయించి, బోట్లను తనిఖీ చేసే స్వతంత్ర సర్వేయరు చేత అడుగుభాగంలోని తేమను పరీక్షింపజేసి, స్టెర్న్‌డ్రైవ్ (ఇంజను బోటు లోపల, ప్రొపెల్లరు భాగం వెనుక గోడకు బయట ఉండే ఏర్పాటు) ఉన్నదైతే దాని రబ్బరు బెల్లోస్ (నీరు చొరకుండా కాపాడే ముడతల తొడుగు) మడతలను వేళ్లతో విడదీసి పగుళ్లున్నాయేమో చూడాలి. అవి చిరిగితే నీరు ఇంజను శక్తిని ప్రొపెల్లరు వైపు అందించే యూనివర్సల్ జాయింటుకు, ఆపై బోటులోకే చేరుతుంది. ఇంజను చల్లగా ఉండగానే స్టార్ట్ చేయించాలి; అమ్మేవారు ముందే వేడిచేసి ఉంచితే అనుమానించడమే మేలు. పెట్రోలు ఇంజనైతే స్టార్ట్ చేసే ముందు కనీసం 4 నిమిషాలు బ్లోయరు (ఇంజను గదిలోని పెట్రోలు ఆవిరిని బయటికి పంపే ఫ్యాను) నడపాలి. జంట ఇంజన్లుంటే ఇరుకు రేవులో తిప్పడం సులువే గాని, సర్వీసు ఖర్చు దాదాపు రెట్టింపవుతుంది. రేవు రుసుమును చాలాచోట్ల స్విమ్ ప్లాట్‌ఫామ్‌తో (నీటిలోకి దిగేందుకు బోటు వెనుక ఉండే పలకతో) కలిపిన మొత్తం పొడవు మీద లెక్కిస్తారు కనుక, బ్రోషర్‌లోని అంకెను నమ్మక టేపుతో కొలవాలి.