నడుము ఆపరేషన్‌కి ముందే ఇల్లు సర్దుకోండి: తర్వాతి మూడు నెలల జాగ్రత్తలు

మన ఇళ్లలో సగం పని నేల మీదే జరుగుతుంది. పాల ప్యాకెట్ గుమ్మం ముందు వేసి పోతారు. బియ్యం డబ్బా వంటగట్టు కింద ఉంటుంది. బకెట్, మగ్గు బాత్‌రూమ్ నేల మీద, దేవుడి ముందు పీట నేల మీద, చెప్పులు గడప పక్కన, ఫోన్ ఛార్జర్ మంచం వెనక కింది ప్లగ్గులో. నడుము బాగున్నప్పుడు ఇవేవీ పట్టించుకోం. ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక మాత్రం అడుగడుగునా వంగాల్సి వస్తుంది.

డిశ్చార్జి చేసేటప్పుడు డాక్టర్లు ముఖ్యంగా చెప్పేవి మూడు: వంగకూడదు, బరువు ఎత్తకూడదు, నడుము మెలి తిప్పకూడదు. వినడానికి తేలికే. కానీ ఇంట్లో వస్తువులన్నీ ఎక్కడివక్కడే ఉంటే, ఎంత జాగ్రత్తగా ఉండే మనిషైనా అలవాటుకొద్దీ వంగిపోతారు. అందుకే ఆపరేషన్ తేదీ ఖాయం కాగానే ఇంట్లోవాళ్లంతా ఒక పూట కేటాయించి, రోగికి రోజూ కావాల్సిన ప్రతి వస్తువునూ నడుముకీ భుజానికీ మధ్య ఎత్తులోకి తెచ్చేయండి. గుమ్మం గొళ్లానికి ఒక సంచి తగిలించి, పాలబ్బాయిని ప్యాకెట్ అందులో వేయమని చెప్పండి. ఇంత చిన్న ఏర్పాటుతో రోజూ పొద్దున్నే, నడుము ఇంకా బిగుసుకుని ఉన్న వేళ, ఒకసారి వంగడం తప్పుతుంది.

ఏ ఆపరేషనో తెలుసుకోండి

ఎక్కువమందికి ఇబ్బంది వచ్చేది నడుము కింది భాగంలో, రిపోర్టుల్లో ఎల్4-ఎల్5 అనో ఎల్5-ఎస్1 అనో రాసే చోట. పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ లోపలి మెత్తటి పదార్థం పై పొరను చీల్చుకుని బయటికొచ్చి నరాన్ని నొక్కితే పిరుదు నుంచి పాదం దాకా లాగేస్తుంది. అదే సయాటికా. అలా బయటికొచ్చిన ముక్కను తీసేయడం మైక్రోడిస్కెక్టమీ. నరాల దారి ఇరుకైనప్పుడు ఎముకను కొంత తొలగించి చోటు చేయడం లామినెక్టమీ. పూస జారినప్పుడు స్క్రూలు, రాడ్లు వేసి పూసలను ఒకదానికొకటి అతికించడం ఫ్యూజన్.

మొదటి రకానికి సాధారణంగా ఆరు వారాలు గట్టి జాగ్రత్త అవసరం. ఫ్యూజన్ అయితే కనీసం మూడు నెలలు, ఎముక పూర్తిగా అతుక్కోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది. మీ బావమరిది మూడో వారానికే బండి నడిపాడంటే ఆయనకి జరిగింది వేరే ఆపరేషన్ కావచ్చు. ఆయనతో పోల్చుకోకండి. మీ డాక్టరు ఇచ్చిన గడువే మీ గడువు.

డిస్క్ ముక్క తీసినా పై పొరలో పడిన చిల్లు ఆ రోజే పూడదు. కొన్ని వారాలపాటు మెల్లగా గట్టిపడుతుంది. ఈలోగా ముందుకు వంగి బరువు ఎత్తితే డిస్క్ మీద ఒత్తిడి నిటారుగా నిలబడ్డప్పటి కంటే రెట్టింపు దాటుతుంది. 1960ల్లో స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాచెమ్సన్ మనుషుల డిస్కుల్లోకి సూది పంపి ఈ ఒత్తిడిని కొలిచారు. ఆ ఒత్తిడికి లోపల మిగిలిన పదార్థం అదే చిల్లులోంచి మళ్లీ బయటికి రావచ్చు. నూటికి 5 నుంచి 15 మందికి అలా మళ్లీ వస్తుందని వైద్యుల అంచనా.

మంచం మీంచి లేవడం

ఇది ఒక్కటి ఆపరేషన్‌కి వారం ముందే నేర్చుకుని అలవాటు చేసుకోండి. వెల్లకిలా పడుకుని ఉన్నప్పుడు ఒక్కసారిగా తల ఎత్తి లేచి కూర్చోకూడదు. ముందు రెండు మోకాళ్లూ మడవండి. భుజాలు, నడుము, మోకాళ్లు అన్నీ ఒకేసారి కదిలేలా దుంగ దొర్లినట్టు పక్కకు తిరగండి. మంచం అంచుకు వచ్చాక కాళ్లు కిందికి జారవిడుస్తూ, అదే సమయంలో పైచేతి అరచేతినీ కిందిచేతి మోచేతినీ మంచానికి నొక్కి ఒళ్లు పైకి లేపండి. బలమంతా చేతులదే కావాలి. కూర్చున్నాక కళ్లు తిరగడం లేదని చూసుకుని, అప్పుడు నిలబడండి. పడుకునేటప్పుడు ఇదే వరస తిరగేసి. చేయి పట్టుకుని లాగి లేపడానికి ఇంట్లోవాళ్లు ఆరాటపడతారు. వద్దని ముందే చెప్పండి. పక్కన నిలబడితే చాలు.

చాప, నేల మీద పరుపు, గుంటపడే నవారు మంచం వద్దు. మోకాలి ఎత్తు మంచం, కుంగిపోని పరుపు ఉండాలి. వెల్లకిలా పడుకుంటే మోకాళ్ల కింద, పక్కకు పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి. బోర్లా పడుకోవద్దు. దగ్గు, తుమ్ము వస్తుంటే దిండును పొట్టకు గట్టిగా హత్తుకోండి.

బాత్‌రూమ్, వంటిల్లు

నేల మట్టపు లెట్రిన్ మీద గొంతుకు కూర్చోవడం ఈ రోజుల్లో కుదరదు. వెస్టర్న్ కమోడ్ లేకపోతే ఆ నేల లెట్రిన్ మీదే పెట్టుకునే కుర్చీ లాంటి స్టాండు మెడికల్ షాపుల్లో, సర్జికల్ సామాన్ల దుకాణాల్లో దొరుకుతుంది. ఊరికి వెళ్లి కోలుకుందామనుకునేవాళ్లు ముందు అక్కడి బాత్‌రూమ్ సంగతి అడిగి తెలుసుకోవాలి. స్నానానికి బకెట్‌ను ఎత్తుపీట మీద పెట్టి, మీరు కుర్చీలో కూర్చుని పోసుకోండి. నీళ్లు ఎవరైనా నింపిపెట్టాలి. నిండు బకెట్ 15 కిలోల పైమాటే. నేల మీద సబ్బు జిగురు లేకుండా కడిగించి, జారని మ్యాట్ వేయించండి. ఈ రోజుల్లో కాలు జారితే పడకపోయినా, నిలదొక్కుకునే ఆ ఒక్క కుదుపు చాలు నడుము పట్టేయడానికి.

కాళ్లు ఎవరైనా తుడిచి పెట్టనివ్వండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు. చీర కుచ్చిళ్లు సర్దుకోవడం, సాక్సులు వేసుకోవడం లాంటివన్నీ వంగుడే. కొన్నాళ్లు నైటీ, లుంగీ, వెనక పట్టీ ఉన్న తేలికపాటి చెప్పులు మేలు.

వంటింట్లో మొదటి వారాల్లో మోయదగిన బరువు రెండు మూడు కిలోలు. పాల గిన్నె వరకూ సరే. నిండా నీళ్లు పోసిన పెద్ద కుక్కర్ వద్దు. గ్యాస్ సిలిండర్‌లో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపి ముప్పై కిలోల దాకా తూగుతుంది. దాన్ని ఎత్తడమే కాదు, దొర్లించడమూ వద్దు. ఇరవై లీటర్ల నీళ్ల టిన్ను మోటార్ డిస్పెన్సర్‌తో వాడుకోండి. ఊడ్చడం, తడిగుడ్డ పెట్టడం, బండ మీద బట్టలుతకడం, ముగ్గు వేయడం డాక్టరు సరే అనేదాకా ఆపేయాలి.

అసలు గండం నాలుగో వారం

మొదటి పది రోజులు అందరూ జాగ్రత్తగానే ఉంటారు. కుట్లు పచ్చిగా ఉంటాయి, నొప్పి గుర్తు చేస్తూ ఉంటుంది. మూడో నాలుగో వారానికి కాలు లాగడం పోతుంది, ముఖం తేటపడుతుంది, మనిషి వీధి చివరిదాకా నడిచి వస్తారు. అప్పుడు ఇంట్లో మాటలు మారతాయి. "బాగానే తిరుగుతున్నావు కదమ్మా, ఆ పప్పు కాస్త నానబెట్టకూడదూ" అంటారు అత్తగారు. ఎవరూ అనకపోయినా, చెల్లాచెదరుగా ఉన్న ఇల్లు చూడలేక ఆపరేషన్ అయిన ఆవిడే చీపురు పట్టుకుంటుంది. నాకు అన్నిటికంటే బాధనిపించేది ఇదే. మగవాళ్లకి నడుము ఆపరేషన్ అయితే మూడు నెలలు మంచం దగ్గరికే కంచం వస్తుంది. ఆడవాళ్లకి అయితే మూడో వారానికి కంచాలు కడగడం మొదలవుతుంది. లోపలి గాయానికి మాత్రం ఇద్దరికీ ఒకే సమయం పడుతుంది.

కాబట్టి పనిమనిషిని పెట్టుకున్నా, ఆడబిడ్డో చెల్లెలో వచ్చి ఉన్నా, ఆ ఏర్పాటు పది రోజులకు కాదు, ఆరు వారాలకు చేసుకోండి. కుదరని ఇంట్లో కొడుకులు, భర్త పని పంచుకోవాలి. వంట రాకపోతే ఈ నెలలో వస్తుంది.

మనవడు పరిగెత్తుకొస్తే వంగి ఎత్తుకోవాలనిపించడం సహజం. కుర్చీలో కూర్చుని, వాణ్ని పక్కన నిలబెట్టుకుని ముద్దు చేయండి. చంకనెక్కించుకునే రోజు వస్తుంది.

నడకే మందు

పడుకునే ఉంటే త్వరగా తగ్గుతుందన్నది పాత నమ్మకం. ఇంటికొచ్చిన మర్నాటి నుంచే రోజుకు నాలుగైదుసార్లు ఐదేసి నిమిషాలు చదునుగా ఉన్న చోట నడవండి. వారం వారం కొంచెం పెంచండి. ఒకేచోట కూర్చోవడం ఇరవై ముప్పై నిమిషాలకు మించొద్దు. మెత్తటి సోఫాలో అసలు కూరుకుపోవద్దు. గట్టి కుర్చీ, వీపుకి ఆనుడు, నడుము వంపులో చిన్న తువ్వాలు చుట్ట చాలు. బెల్టు డాక్టరు చెప్పినంతవరకే. నెలల తరబడి దాన్నే నమ్ముకుంటే కండరాలు బలహీనపడతాయి. వ్యాయామాలు ఫిజియోథెరపిస్ట్ చూపించాకే మొదలుపెట్టండి, ఫోన్‌లో వీడియోలు చూసి కాదు.

ఒకరోజు నొప్పి ఎక్కువ, మర్నాడు తక్కువ ఉంటుంది. దానికే టెన్షన్ పడొద్దు. చాలామందికి కాలి లాగుడు ముందు తగ్గుతుంది. పాదంలో తిమ్మిరి మాత్రం నెలలు పట్టొచ్చు, కొందరికి కొంత మిగిలిపోవచ్చు కూడా.

తిండి, గాయం

"పప్పు తింటే చీము పడుతుంది" అని రోగికి చారన్నం మాత్రమే పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఈ పథ్యం వల్ల మేలు లేదు, కీడే. గాయం మానడానికి ప్రొటీన్ కావాలి. పప్పు, గుడ్డు, పెరుగు, చేప, మాంసం మీకు అలవాటైనవి తినండి. డయాబెటిస్ ఉంటే షుగర్ అదుపులో ఉంచుకోవడం గాయానికి మందులంత ముఖ్యం.

ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలకు మలబద్ధకం వస్తుంది. ముక్కితే నడుముకి భారం. ఆకుకూరలు, బొప్పాయి, జామ, మజ్జిగ, తగినన్ని నీళ్లు మొదటి రోజు నుంచే ఉండాలి. చాలకపోతే విరేచనం సాఫీగా అయ్యే మందు డాక్టర్ని అడగండి. ఈ మాత్రలకు మగత కూడా ఉంటుంది కాబట్టి వేసుకుని బండి నడపొద్దు. సిగరెట్, బీడీ, చుట్ట పూర్తిగా మానాలి. ఫ్యూజన్ అయినవాళ్లకు పొగ వల్ల ఎముక అతుక్కోకుండా పోయే ప్రమాదం ఉంది.

కుట్లు తీసేదాకా, అంటే సాధారణంగా 10 నుంచి 14 రోజులు, గాయం పొడిగా ఉంచండి. పసుపు, నూనె, పసర్లు రాయొద్దు. గాయం మానాక కూడా నడుముకి మర్దన చేయిస్తామని ఎవరెంత ప్రేమగా అన్నా ఒప్పుకోవద్దు.

పరామర్శలు, ప్రయాణాలు, మొక్కులు

చూడడానికి వచ్చినవాళ్ల కోసం గంటలు గంటలు హాల్లో కూర్చోవద్దు. పడుకునే మాట్లాడండి, లేదా ఇంట్లోవాళ్లు సున్నితంగా "ఇక పడుకునే వేళైంది" అనాలి. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు ఆటో కన్నా కారు మేలు. ముందు సీటు వెనక్కి వాల్చి, మొదట కూర్చుని, ఆ తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకోండి. దారిలో అరగంటకో ముప్పావుగంటకో ఆగి నాలుగడుగులు నడవాలి. స్కూటర్, బైకు వెనక సీటు కూడా ఆరు వారాలు వద్దు. మన స్పీడ్ బ్రేకర్లూ గుంతలూ ఎవరి చేతిలోనూ లేవు.

నేల మీద కూర్చుని వ్రతాలు, సాష్టాంగ నమస్కారాలు వాయిదా వేయండి. కుర్చీలో కూర్చుని చేసిన పూజకి లోటేమీ లేదు. తగ్గితే నడిచి కొండకొస్తానని మొక్కుకుని ఉంటే, డాక్టరు అనుమతి వచ్చాకే ఆ 3,550 మెట్ల అలిపిరి దారి సంగతి.

కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగమైతే మైక్రోడిస్కెక్టమీ తర్వాత నాలుగు నుంచి ఆరు వారాల్లో చాలామంది వెళ్లగలుగుతారు. పొలం పని అలా కాదు. నాట్లు, కలుపు అంటే రోజంతా వంగుడే. 16 లీటర్ల స్ప్రేయర్ ట్యాంకు, ట్రాక్టర్ కుదుపులు మూడు నెలల లోపు ఆలోచించనేకూడదు. వీలైతే, అత్యవసరం కాని ఆపరేషన్ తేదీని పంట పనులు లేని రోజుల్లోకి డాక్టర్ని అడిగి మార్చుకోండి. భార్యాభర్తల కలయిక గురించి కూడా మొహమాటం లేకుండా అడగండి. రోజూ వినే ప్రశ్నే, వాళ్లేమీ అనుకోరు.

ఇవి కనపడితే తెల్లారేదాకా ఆగొద్దు

మూత్రం రాకపోవడం, తెలియకుండా మూత్రమో మలమో పోవడం, మర్మాంగాల చుట్టూ, కూర్చునే చోట స్పర్శ తెలియకపోవడం, కాళ్లలో బలం హఠాత్తుగా తగ్గడం. వీటిలో ఏ ఒక్కటి వచ్చినా గంటలు లెక్కపెట్టుకోవాల్సిన పరిస్థితి. నరాల మూలంలో ఒత్తిడి పడి ఉండొచ్చు. ఆలస్యమైతే ఆ నష్టం శాశ్వతమవుతుంది. పిక్క వాచి నొప్పి పెట్టినా, ఛాతీ నొప్పో ఆయాసమో వచ్చినా అంతే. 108కి ఫోన్ చేయండి.

చలితో జ్వరం, గాయం ఎర్రబడి వాయడం, చీము కారడం, కట్టు నీళ్లలాంటి ద్రవంతో తడిసి లేచి కూర్చుంటే తలనొప్పి విపరీతం కావడం, తగ్గిన కాలి లాగుడు అంతకుముందు కంటే గట్టిగా తిరగబెట్టడం, వీటికి అదే రోజు ఆపరేషన్ చేసిన డాక్టర్ని కలవండి. ఆసుపత్రి ఎమర్జెన్సీ నంబరు, డిశ్చార్జి కాగితం, రోజూ వాడే మందుల చీటీ ఒకే కవర్లో పెట్టి, ఇంట్లో అందరికీ కనపడేలా ఫ్రిజ్ పక్కన తగిలించి ఉంచండి.