వయసుకు తగిన ఫాంటసీ, పారానార్మల్ ప్రేమ నవలలను సూచించడం ఎలా?

"మంచి ఫాంటసీ ప్రేమకథ ఒకటి చెప్పండి" అని ఎవరైనా అడిగితే, మనకు బాగా నచ్చిన పుస్తకం పేరే ముందుగా నోటికొస్తుంది. అడిగింది పన్నెండేళ్ల పాపా, వాళ్లమ్మా, అమ్మమ్మా అన్న ఆలోచన తర్వాత వస్తుంది. మాయాలోకాల్లో జరిగే ఫాంటసీ, మన లోకంలోనే రక్తపిశాచుల వంటి అతీత జీవులుండే పారానార్మల్ నవలల విషయంలో ఆ ఆలోచనే ముందు రావాలి. డ్రాగన్లు, మంత్రగత్తెలు, రక్తపిశాచులు ఉన్న రెండు పుస్తకాలు అట్ట చూస్తే అక్కచెల్లెళ్లలా ఉంటాయి. ఒకదానిలో నాయికా నాయకులు చివరి పేజీకి గానీ చేతులు పట్టుకోరు. రెండోదానిలో పడకగది దృశ్యాలు పేజీలకు పేజీలు సాగుతాయి. అట్ట చూసి చేతికిచ్చేస్తే ఇబ్బంది పడేది చదివే మనిషి.

కాబట్టి పుస్తకం గురించి ముందుగా రెండు సంగతులు తెలుసుకోండి. ఇందులో ప్రేమ ఎంతవరకు వెళ్తుంది? ప్రేమించుకునే ఇద్దరిలో ఎవరి మాట చెల్లుతుంది? ఈ రెండూ తెలిస్తే, ఏ వయసువారికి ఇవ్వవచ్చో చాలావరకు తేలిపోతుంది.

1. చివరిగా నచ్చిన పుస్తకం ఏదో, ఎందుకు నచ్చిందో అడగండి

"ఎలాంటి పుస్తకాలు ఇష్టం?" అని అడిగితే "ఏదైనా ఫర్వాలేదు" అన్న జవాబే వస్తుంది. "ఈమధ్య చదివినవాటిలో వదలకుండా చదివించింది ఏది? అందులో ఏ ఘట్టం గుర్తుంది?" అని అడిగి చూడండి. రక్తపిశాచిని ప్రేమించిన అమ్మాయి కథ "ట్వైలైట్" పేరు ఒకరు చెప్పారనుకుందాం. అక్కడితో ఆగి, రక్తపిశాచుల నవలలన్నీ వారి ముందు పరచకండి. ఆ కథలో ఒకరికి నచ్చేది దూరంగా, మౌనంగా ఉండే ప్రియుడు. ఇంకొకరికి కొత్త ఊరికి, కొత్త బడికి వచ్చిన అమ్మాయి ఒంటరితనం. మరొకరికి వానలో తడిసిన అడవులు. ఆ ప్రియుడి కల్లెన్ కుటుంబంలో ఒకరికొకరు అండగా నిలబడటమే కొందరికి నచ్చుతుంది. ఈ నలుగురికీ తర్వాత ఇవ్వాల్సిన పుస్తకాలు వేరు వేరు. కుటుంబం నచ్చిన పాఠకురాలికి రక్తపిశాచి లేని పుస్తకమైనా సరిపోవచ్చు.

నచ్చనిది ఏమిటో కూడా అడగండి. రక్తం చూడలేనివారు, జంతువులు చనిపోతే తట్టుకోలేనివారు, ముక్కోణపు ప్రేమలంటే విసుగున్నవారు ఆ సంగతి వెంటనే చెప్పేస్తారు.

2. అది ప్రేమ నవలా, ప్రేమ ఉన్న ఫాంటసీనా తేల్చుకోండి

చూడటానికి చిన్న తేడాగానే ఉంటుంది, పాఠకులు అలిగేది మాత్రం ఎక్కువగా ఇక్కడే. రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా సంస్థ నిర్వచనం ప్రకారం, రొమాన్స్ నవలకు ప్రేమకథే కేంద్రం. ముగింపు మనసుకు తృప్తినిచ్చేలా, ఆశ నింపేలా ఉండాలి. పారానార్మల్ రొమాన్స్‌కూ ఇదే వర్తిస్తుంది: తోడేలుగా మారే నాయకుడికి ఎన్ని కష్టాలొచ్చినా చివరికి జంట కలుస్తుంది. ఫాంటసీ నవలలో అలాంటి హామీ లేదు. రాజ్యం నిలబడుతుంది, ప్రేమ నిలబడకపోవచ్చు.

ఆడ్రీ నిఫెనెగర్ రాసిన "ది టైమ్ ట్రావెలర్స్ వైఫ్" (2003) గొప్ప ప్రేమకథ. కానీ అందులో ఎడబాటు, మరణం నీడలా వెంటే ఉంటాయి. భర్తను కోల్పోయి ఎంతో కాలం కాని స్త్రీకి, ముందుగా ఒక మాటైనా చెప్పకుండా ఆ పుస్తకం ఇవ్వకూడదు. హాయిగా ముగిసే కథ కావాలని అడిగినవారికి హాయిగా ముగిసేదే ఇవ్వాలి. అది తక్కువ రకం కోరిక అనుకునేవారితో నేను ఏకీభవించను.

3. నాయిక వయసు చూసి పాఠకుల వయసు నిర్ణయించకండి

నయోమీ నోవిక్ "అప్‌రూటెడ్" (2015) నాయిక ఆగ్నియెష్కాకు పదిహేడేళ్లు. పల్లె అమ్మాయి, మాంత్రికుడి కోట, దగ్గర్లో మాయల అడవి అని వింటే టీనేజ్ పిల్లల పుస్తకమే అనిపిస్తుంది. కానీ అందులో ఒక రాకుమారుడు ఆమెపై బలాత్కారానికి ప్రయత్నించే ఘట్టం ఉంది. తర్వాత దాపరికం లేని శృంగార దృశ్యం కూడా ఉంది. అది పెద్దల కోసం రాసిన నవల, పెద్దలకు అద్భుతమైన నవల. దీనికి ఎదురు ఉదాహరణ డయానా విన్ జోన్స్ "హౌల్స్ మూవింగ్ కాసిల్" (1986). అందులో నాయిక సోఫీ కథలో ఎక్కువ భాగం ముసలమ్మగానే ఉంటుంది. అయినా పదేళ్ల పిల్లలు హాయిగా చదువుకోవచ్చు.

అట్ట మీద, అరల మీద ఉండే వయసు ముద్రలు కూడా శాశ్వతం కావు. సారా జె. మాస్ "ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్" 2015లో టీనేజ్ పాఠకుల పుస్తకంగా వచ్చింది. 2020లో అదే సిరీస్‌ను కొత్త అట్టలతో పెద్దల విభాగంలో మళ్లీ విడుదల చేశారు. పాత ప్రతి ఇంకా టీనేజ్ అరలో ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. రెబెకా యారోస్ "ఫోర్త్ వింగ్" (2023)లో డ్రాగన్లున్నాయి, కాలేజీ ఉంది, పరీక్షలున్నాయి. అందుకే పద్నాలుగేళ్ల పిల్లలూ అడుగుతారు. నాయికకు ఇరవై ఏళ్లు, నవల పెద్దలది, శృంగారం బాహాటంగా ఉంటుంది. ఆ పిల్లలకు "కొన్నేళ్లాగి చదువు, అప్పటిదాకా డ్రాగన్ల కథ మరొకటి వెతుకుదాం" అని సూటిగా చెప్పడం మేలు. పుస్తకం చెడ్డదని చెప్పనక్కర్లేదు, చెడ్డది కూడా కాదు.

4. సిరీస్ అయితే చివరి పుస్తకం సంగతి ముందే తెలుసుకోండి

పిల్లలు మొదటి భాగంతో ఆగరు. సిరీస్ ముందుకు వెళ్లేకొద్దీ పాత్రల వయసు పెరుగుతుంది, దానితోపాటు కథ కూడా పెద్దదవుతుంది. ట్వైలైట్ మొదటి భాగం (2005) ముద్దుల దగ్గర ఆగిపోతుంది. నాలుగో భాగం "బ్రేకింగ్ డాన్" (2008)లో పెళ్లి, గర్భం, చదవడానికే భయం వేసే ప్రసవం ఉన్నాయి. పన్నెండేళ్ల పాపకు మొదటిది ఇచ్చారంటే, కొద్ది రోజుల్లోనే నాలుగోదీ ఇచ్చినట్టే. అన్నీ చదివే తీరిక లేకపోతే చివరి భాగం తిరగేయండి, లేదా అది చదివిన వారినెవరినైనా అడగండి.

5. మీరు చదవని పుస్తకాన్ని పరీక్షించే పద్ధతి

మూడు చోట్ల చూస్తే చాలు. నాయికా నాయకులు మొదటిసారి కలిసే దృశ్యం, పుస్తకం మధ్యలో ఒక అధ్యాయం, మూడింట రెండు వంతులు దాటాక ఒక అధ్యాయం. ప్రేమ ముదిరే ఘట్టాలు సాధారణంగా ఈ చివరి చోటే వస్తాయి. అక్కడ రచయిత గది తలుపు మూసి మిగతాది మన ఊహకు వదిలేశారా, లోపలికి తీసుకెళ్లారా అన్నది నాలుగు పేజీల్లో తెలిసిపోతుంది.

శృంగారం కన్నా నేను జాగ్రత్తగా చూసేది ఇంకొకటి ఉంది: నాయిక "వద్దు" అంటే ఆ మాటకు విలువ ఉందా? పారానార్మల్ కథల్లో ప్రియుడు వందల ఏళ్లుగా బతికున్నవాడు, బలవంతుడు, మనసులు చదవగలవాడు. ట్వైలైట్‌లో ప్రియుడు ఎడ్వర్డ్ 1901లో పుట్టాడు, 1918లో రక్తపిశాచిగా మారి పదిహేడేళ్ల వయసు దగ్గర ఆగిపోయాడు. నాయిక బెల్లాకు తెలియకుండా రాత్రిళ్లు ఆమె గదిలోకి వచ్చి, ఆమె నిద్రపోతుంటే చూస్తూ ఉంటాడు. నవల దీన్ని గాఢమైన ప్రేమగా చూపిస్తుంది. అందుకని పదిహేనేళ్ల అమ్మాయి చేతిలోంచి పుస్తకం లాక్కోమని నేను చెప్పను. లాక్కుంటే దాచుకుని చదువుతుంది, మాట్లాడే అవకాశం పోతుంది. మీరూ చదివి, "ఇదే పని మీ క్లాసులో అబ్బాయి చేస్తే నీకెలా ఉంటుంది?" అని అడగండి. ఈ వయసు పిల్లలు ఆ ప్రశ్నకు చాలా తెలివైన జవాబులు చెబుతారు.

6. ఏ వయసుకు ఎక్కడ మొదలుపెట్టాలి

తొమ్మిది నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లలకు ముందు కథ కావాలి, ప్రేమ పక్కన ఉంటే చాలు. నేను మొదట చెప్పేది గెయిల్ కార్సన్ లెవిన్ "ఎల్లా ఎన్‌చాంటెడ్" (1997). ఎల్లా పుట్టినప్పుడు ఒక దేవకన్య ఆమెకు విధేయతను వరంగా ఇస్తుంది. ఆ రోజు నుంచి ఎవరు ఏం ఆజ్ఞాపించినా ఎల్లా చేసి తీరాలి. మెడలో గొలుసు ఇచ్చెయ్యమంటే ఇచ్చెయ్యాలి, స్నేహితురాలిని వదిలెయ్యమంటే వదిలెయ్యాలి. రాకుమారుడంటే ప్రాణం, కానీ తన శాపాన్ని అడ్డం పెట్టుకుని ఎవరైనా అతనికి కీడు చేస్తారేమోనని దూరం జరుగుతుంది. "కాదు" అనే మాట కోసం ఒక అమ్మాయి పడే పోరాటం ఇది. పెద్దలు చెప్పిందల్లా వినాల్సిన వయసులో ఉన్న పిల్లలను ఈ కథ ఎంతగా పట్టుకుంటుందో చదివిస్తేనే తెలుస్తుంది. దీని తర్వాత "హౌల్స్ మూవింగ్ కాసిల్" ఇవ్వండి. ముగ్గురు అక్కచెల్లెళ్లలో పెద్దది కాబట్టి తనకేమీ కలిసిరాదని సోఫీ నమ్మకం. మంత్రగత్తె శాపంతో ముసలమ్మగా మారాకే ఆమెకు నోరు లేస్తుంది, ధైర్యం వస్తుంది.

పదమూడు, పద్నాలుగేళ్లకు షానన్ హేల్ "ది గూస్ గర్ల్" (2003) చక్కగా సరిపోతుంది. దాని కథ కింద ఏడో అంశంలో ఉంది.

పదిహేను నుంచి పదిహేడు వరకు పిల్లలు ప్రేమనే కథగా కోరుకుంటారు, కోరుకోవడం సహజం. రెనీ అదీయే "ది రాత్ అండ్ ది డాన్" (2015) వెయ్యిన్నొక్క రాత్రుల కథల నుంచి పుట్టింది. తన స్నేహితురాలి చావుకు పగ తీర్చుకోవడానికి షహర్‌జాద్, పెళ్లాడినవారిని చంపించే రాజును కావాలనే పెళ్లాడుతుంది. భార్యలను చంపించే రాజును ప్రేమించవచ్చా అన్న ప్రశ్న ఉంటుంది కాబట్టి, ఇదీ మాట్లాడుకుంటూ చదవాల్సిన పుస్తకమే. మరీ సున్నితమైనవారికి ఈ వయసులోనూ "ది గూస్ గర్ల్" బాగుంటుంది.

పద్దెనిమిది దాటినవారికి నిషేధాలు అక్కర్లేదు, సమాచారం కావాలి. డయానా గాబల్డన్ "ఔట్‌ల్యాండర్" (1991)లో రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన నర్సు క్లెయిర్ 1743 నాటి స్కాట్లాండ్‌లోకి వెళ్లిపడుతుంది. ప్రేమకథ బలమైనదే. అందులో లైంగిక హింస, చిత్రహింస కూడా తీవ్రంగా ఉన్నాయి. ఆ సంగతి చెప్పకుండా ఎవరికీ ఇవ్వవద్దు.

నలభై దాటిన పాఠకులను ఈ రంగంలో అందరూ మరిచిపోతారు, అది నాకు బాధ కలిగించే విషయం. ప్రేమ పదిహేడేళ్లకే వచ్చి, అక్కడితో అయిపోయేదన్నట్టు సూచనలన్నీ అమ్మాయిల కథల చుట్టూనే తిరుగుతాయి. లోయిస్ మెక్‌మాస్టర్ బుజోల్డ్ "పాలడిన్ ఆఫ్ సోల్స్" (2003) నాయిక ఇస్తా నలభై ఏళ్ల వితంతువు. ఒకప్పటి రాణి, అందరూ పిచ్చిదనుకున్న మనిషి. కథ మొదలయ్యేసరికి తల్లి అంత్యక్రియలు ముగిశాయి. కోట బురుజు మీద నిలబడి, పరామర్శకు వచ్చినవాళ్లు వెళ్లిపోవడం చూస్తూ ఉంటుంది. కాసేపటికి, ఎవరికీ చెప్పకుండా, ఒక్కతే ద్వారం దాటి రోడ్డు మీద నడక మొదలుపెడుతుంది. జీవితమంతా ఇంటికోసం బతికిన స్త్రీకి ఆ పేజీ దగ్గర పుస్తకం మూయబుద్ధి కాదు. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో, నెబ్యులా పురస్కారాలు రెండూ అందుకున్న నవల ఇది. దీనికి ముందు వచ్చిన "ది కర్స్ ఆఫ్ చాలియన్" (2001) చదివి ఉంటే ఇంకా బాగా అర్థమవుతుంది, చదవకపోయినా ఆగిపోరు.

చదువు, పరిశోధన అంటే ఇష్టమున్నవారికి డెబొరా హార్క్‌నెస్ "ఎ డిస్కవరీ ఆఫ్ విచెస్" (2011) ఇవ్వండి. ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఒక చరిత్రకారిణి తెప్పించుకున్న రాతప్రతితో కథ మొదలవుతుంది. మొదటి పుస్తకం కథ మధ్యలోనే ఆగుతుంది, రెండోది సిద్ధంగా పెట్టుకోమని చెప్పండి. మెత్తని కథ కోరేవారికి టి.జె. క్లూన్ "ది హౌస్ ఇన్ ది సెరూలియన్ సీ" (2020) ఉంది. మాయాశక్తులున్న పిల్లల అనాథాశ్రమాన్ని తనిఖీ చేయడానికి వెళ్లిన నలభై ఏళ్ల ఉద్యోగి, అక్కడి నిర్వాహకుడిని ప్రేమిస్తాడు. కళ్లు అలిసిపోయే వయసువారికి అక్షరాలు పెద్దవి చేసుకునే ఈ-పుస్తకమో, ఆడియో పుస్తకమో దొరుకుతుందేమో కూడా చూడండి.

7. మూడుకు మించి చెప్పకండి, చెప్పేది ఇలా చెప్పండి

పది పేర్ల జాబితా ఇస్తే ఒక్కటీ చదవరు. ఒకటి వారి అభిరుచికి దగ్గరగా, ఒకటి కాస్త పక్కగా, ఒకటి వారు ఊహించనిది ఉంటే చాలు. ప్రతిదానికీ కథ రెండు వాక్యాల్లో, హెచ్చరిక ఒక వాక్యంలో రాసివ్వండి. పదమూడేళ్ల అమ్మాయికి "ది గూస్ గర్ల్" ఇస్తుంటే నేనైతే ఇలా రాస్తాను:

"రాకుమారి స్థానాన్ని ఆమె చెలికత్తె లాగేసుకుంటుంది. రాకుమారి పెద్దబాతులు కాస్తూ, గాలితో మాట్లాడటం నేర్చుకుని, తన పేరు తను తిరిగి సంపాదించుకుంటుంది. ప్రేమ నెమ్మదిగా వస్తుంది. గుర్రానికి జరిగేది చదివినప్పుడు ఏడుపు రావచ్చు."

పాఠకురాలి తల్లిదండ్రులు పక్కనే ఉంటే ఇదే చీటీ వాళ్లకూ చూపించండి. పిల్లలకు ఒకటి, పెద్దలకు ఒకటి చెబితే ఇద్దరికీ మీ మాట మీద నమ్మకం పోతుంది.

8. తిరిగి ఇచ్చినప్పుడు ఒక ప్రశ్న అడగండి

"నచ్చిందా?" అంటే మొహమాటానికి "బాగుంది" అంటారు. "ఎక్కడ ఆపావు?" అని అడగండి. ముప్పై పేజీల్లో ఆపితే భాషో, నడకో పడలేదు. మధ్యలో ఆపితే ఏదో ఒక దృశ్యం ఇబ్బంది పెట్టి ఉంటుంది, ఏది అన్నది ఒత్తిడి చేయకుండా కనుక్కోండి. చివరి యాభై పేజీలు మిగిల్చి ఆపితే, ఆ జంట విడిపోతుందేమోనని భయపడి ఉండవచ్చు. అలాంటివారికి ముగింపు ముందే చెప్పెయ్యండి. చాలామంది మళ్లీ పుస్తకం తీసుకుంటారు.