పెళ్లయ్యాక ఓటును అత్తగారి ఊరికి మార్చుకోవడం

పెళ్లయి ఊరు మారితే ఫారం 6 మళ్లీ పెట్టొద్దు, అది కొత్త ఓటర్లకే. మీకు కావాల్సింది ఫారం 8. రెండు ఊళ్లలో పేరుండటం చట్టవిరుద్ధం.

ఓటరు కార్డు నంబరు రాసి, నివాసం మార్పు గడిలో టిక్ పెట్టండి. ఆధార్‌లో ఇంకా పుట్టింటి అడ్రసే ఉందని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆగనక్కర్లేదు: అదే ఇంట్లో ఓటరుగా ఉన్న భర్త పేరిట కరెంటు బిల్లు జతచేయొచ్చు. ఇంటి నంబరు బిల్లులో ఉన్నట్టే రాయండి. విచారణకు బీఎల్వో (బూత్ స్థాయి ఎన్నికల అధికారి) వస్తే "కోడలు ఇక్కడే ఉంటోంది" అని చెప్పమని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

నామినేషన్ల చివరి తేదీ దాటితే జాబితాలో మార్పులుండవు. మీ దరఖాస్తుపై అభ్యంతరాలకే 7 రోజులు పోతాయి, ఎన్నికల నోటిఫికేషన్ దాకా ఆగొద్దు. చేతిలో కార్డున్నా జాబితాలో పేరు లేకపోతే ఓటు వేయనివ్వరు. సందేహముంటే 1950కి ఫోన్ చేయండి.