పాత టెడ్డీని నీళ్లలో ముంచకుండా బాగుచేసుకోవడం ఎలా

మీ చేతిలో ఉన్న టెడ్డీ బేర్ నిజంగా పాతదైతే, అంటే 1950కి ముందుదైతే, దాన్ని బకెట్లో ముంచడం, వాషింగ్ మెషీన్లో వేయడం, కుళాయి కింద పట్టడం, ఈ మూడూ ఇప్పుడే మనసులోంచి తీసేయండి. జర్మనీలోనో ఇంగ్లండ్‌లోనో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్లు అక్కడి పాత సామాన్ల సంతల్లో ముచ్చటపడి ఇలాంటివి కొని సూట్‌కేసులో పెట్టుకొస్తారు. "ఇంత మురికిదాన్ని డబ్బులిచ్చి కొన్నావా" అని ఇంట్లోవాళ్లు దాన్ని శుభ్రంగా ఉతికి, చెవులకి క్లిప్పులు పెట్టి దండెం మీద ఆరేస్తారు. సాయంత్రానికి బొమ్మ పని అయిపోతుంది.

ఎందుకలా అంటే లోపల ఏముందో చూడాలి. పాత జర్మన్ టెడ్డీల్లో కూరింది దూది కాదు, వుడ్ వూల్, అంటే పోచల్లా సన్నగా చీల్చిన చెక్క. ఎండాకాలంలో కూలర్ పక్కల్లో పెట్టే గడ్డి ఉంటుంది చూశారూ, దాదాపు అదే సరుకు. ఒళ్లు నొక్కితే కరకరమంటుంది. అది తడిస్తే ఉబ్బుతుంది, లోపల రోజుల తరబడి ఆరదు, చెక్కలోని గోధుమరంగు బయటి బొచ్చులోకి దిగి మరకలవుతుంది. చేతులూ కాళ్లూ తిరగడానికి కీళ్ల దగ్గర అట్టముక్కతో చేసిన గుండ్రటి బిళ్లలు, వాటి మధ్యలోంచి వంచిన ఇనుప పిన్నులు ఉంటాయి. అట్ట మెత్తబడుతుంది, పిన్ను తుప్పు పడుతుంది. అరచేతులకీ అరికాళ్లకీ వేసిన ఉన్ని ఫెల్ట్, అంటే ఉన్నిని ఒత్తి చేసిన మందపాటి గుడ్డ, ముడుచుకుపోతుంది. 1920ల నుంచి ఇంగ్లిష్ కంపెనీలు కేపక్ ఎక్కువగా వాడాయి, అంటే మన దిండ్లలో కూరే బూరుగు దూది లాంటిదే. బొమ్మ నొక్కితే మెత్తగా, ఎత్తితే తేలిగ్గా ఉంటే అదే అయి ఉండొచ్చు. దాన్నీ తడపకూడదు, ఉండలు కడుతుంది.

పని మొదలుపెట్టేముందు అదేం బొమ్మో కాస్త తేల్చుకోండి. 1902కి ముందు టెడ్డీ బేర్ అనేదే లేదు. ఆ నవంబరులో మిసిసిపీలో వేటకి వెళ్లిన అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కట్టేసి ఉన్న ఎలుగుని కాల్చనన్నాడు, క్లిఫర్డ్ బెరీమన్ దాని మీద కార్టూన్ వేశాడు, బ్రూక్లిన్‌లో మోరిస్ మిచ్‌టమ్ అనే దుకాణదారు ఎలుగు బొమ్మ కుట్టి "టెడ్డీ" పేరుతో అమ్మాడు. దాదాపు అదే సమయంలో జర్మనీలోని గీంగెన్ ఊళ్లో స్టైఫ్ కంపెనీ కీళ్లు కదిలే ఎలుగుని తయారుచేసి 1903లో లైప్‌జిగ్ సంతకి తీసుకెళ్లింది. కాబట్టి ఎవరైనా "ఇది 1890 నాటి టెడ్డీ" అంటే నవ్వేసి పక్క బల్ల దగ్గరికి వెళ్లండి.

స్టైఫ్ బొమ్మలకి 1904 నుంచి ఎడమ చెవిలో లోహపు బొత్తం పెడుతున్నారు. తొలినాటి వాటి మీద చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. బొత్తం ఊడిపోయినా ఎడమ చెవిలో చిన్న రంధ్రమో, తుప్పు మరకో మిగిలి ఉండొచ్చు, కాబట్టి చెవి దగ్గర బొచ్చు వేలితో పక్కకి తీసి వెలుతురులో చూడండి. వీపు మీద గూని, పొడుగాటి చేతులు, ముందుకి పొడుచుకొచ్చిన మూతి, కళ్ల స్థానంలో నల్లటి బూటు బొత్తాలు కనిపిస్తే మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు నాటిది కావచ్చు. గాజు కళ్లు ఆ తర్వాతే మామూలయ్యాయి. 1904 నాటి 'టెడ్డీ గర్ల్' అనే స్టైఫ్ ఎలుగు 1994లో లండన్‌లో క్రిస్టీస్ వేలంలో 1,10,000 పౌండ్లకి అమ్ముడుపోయింది. మీది అలాంటిదేనని అనుమానం వస్తే కింద రాసినవేవీ చేయకండి, దుమ్ము కూడా దులపకండి, తెలిసినవాళ్లకి చూపించండి. స్టైఫ్‌కి మరమ్మతుల విభాగం కూడా ఉంది. నూటిలో మిగతా 99 మంది ముందుకి చదవండి.

తర్వాత బట్ట సంగతి. మంచి పాత టెడ్డీలు మోహేర్‌తో చేసేవారు, అంగోరా మేక బొచ్చు అది. 1930ల ప్రాంతంలో చవకగా ఉంటుందని కృత్రిమ పట్టు, అంటే రేయాన్ వాడారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నైలాన్ వచ్చింది. వీపు కుట్టు దగ్గర నుంచి రెండు వెంట్రుకలు పట్టకారుతో లాగి, బొమ్మకి దూరంగా వెళ్లి అగ్గిపుల్లతో కాల్చండి. జుట్టు కాలిన వాసన వచ్చి, మసి వేళ్ల మధ్య పొడైతే మోహేర్. కాగితం వాసన వస్తే రేయాన్ లేదా నూలు. కరిగి గట్టి పూసలా మిగిలితే నైలాన్. ఇదెందుకంటే రేయాన్ తడిస్తే బలం బాగా పోతుంది. అది రేయాన్ అని తేలితే పొడి శుభ్రం దగ్గరే ఆపేయండి, నురుగు జోలికి పోవద్దు. దొంగనోట్లు చూసే అతినీలలోహిత (యూవీ) లైటు దొరికితే చీకట్లో బొమ్మ మీద వేయండి, కుట్టుదారం నీలంగా మెరుస్తుంటే ఆ దారం కొత్తదే అయి ఉంటుంది. బట్ట మొత్తం మెరిస్తే మాత్రం వెంటనే నకిలీ అనేయకండి, ఈ కాలపు డిటర్జెంట్‌తో ఎవరో ఉతికినా అలాగే మెరుస్తుంది.

ఇప్పుడు ఫోటోలు. ముందు, వెనక, రెండు పక్కలు, ముక్కు కుట్టు దగ్గరగా, అరికాళ్లు, చెవులు. విసుగనిపించినా తీయండి, ముక్కు దారం ఊడినప్పుడు ఎన్ని పోగులు ఏ వైపు వెళ్లాయో చెప్పేది ఆ ఫోటో ఒక్కటే.

ఫోటోలయ్యాక పురుగుల పని. బట్టల చిమ్మెట పిల్లలు మోహేర్‌నీ, ఫెల్ట్‌నీ ఇష్టంగా తింటాయి. ఫెల్ట్‌లో చిన్న చిన్న చిల్లులు, కుట్ల దగ్గర ఇసకలాంటి పొడి, తెల్లటి గూళ్లు కనిపిస్తే ఉన్నట్టే. కనిపించకపోయినా సంత నుంచి వచ్చిన బొమ్మని ఇంట్లో చీరల బీరువా పక్కన పెట్టేముందు ఈ పని చేయడం మంచిది. బొమ్మని మందపాటి పాలిథీన్ కవర్లో పెట్టి, గాలి వీలైనంత తీసేసి, గాలి చొరకుండా మూసి, మైనస్ 18 డిగ్రీలుండే ఫ్రీజర్లో 2 వారాలు ఉంచండి. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో పైన ఐసు పెట్టుకునే అర చాలాసార్లు అంత చల్లబడదు, డీప్ ఫ్రీజరైతే నయం. బయటికి తీశాక కవర్ విప్పకండి, ఒక రోజంతా అలాగే వదిలేయండి. చల్లటి వస్తువుకి పట్టే చెమ్మ కవర్ బయటే పట్టాలి, బొమ్మకి పట్టకూడదు. పురుగుమందు స్ప్రేలు వద్దు. కలరా ఉండలు కూడా నాకు నచ్చవు, ఆ వాసన బొమ్మలోంచి ఏళ్లయినా పోదు, పైగా పసిపిల్లలున్న ఇంట్లో అవి మంచివి కావు.

పొడి శుభ్రానికి వ్యాక్యూమ్ క్లీనర్ తక్కువ స్పీడులో పెట్టి, గొట్టం మూతికి దోమతెర ముక్క రబ్బరు బ్యాండుతో బిగించండి. తెర లేకపోతే వదులైన కన్నో, ముక్కు దారమో క్షణంలో లోపలికి పోతుంది. గొట్టాన్ని బొమ్మకి ఆనించకుండా కాస్త ఎడంగా పట్టుకుని, రెండో చేత్తో మెత్తటి పెయింటింగ్ బ్రష్‌తో దుమ్ముని గొట్టం వైపు తోయండి. చెవుల వెనక, మెడ చుట్టూ, చంకల్లో ఎక్కువ ఉంటుంది. నిజం చెప్పాలంటే సగం బొమ్మలకి ఇది చాలు. దుమ్ము పోయాక ఒకసారి కిటికీ దగ్గర పెట్టి చూడండి, "ఇంకా ఉతకాలా" అన్న ప్రశ్నకి చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది. వందేళ్ల బొమ్మ కొంచెం వెలిసిపోయి ఉండటం మురికి కాదు, కొనేవాళ్లు కూడా మెరిసే బొమ్మ కన్నా ముట్టుకోని బొమ్మకే ఎక్కువిస్తారు.

ఇంకా జిడ్డు ఉందంటే అప్పుడు నురుగు. ఉన్ని బట్టలకి వాడే ఈజీ లాంటి లిక్విడ్‌గానీ బేబీ షాంపూగానీ అర చెంచా, ఒక గిన్నెడు గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్లో వేసి (ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే నీళ్లే, సీలు తీయని బాటిల్) గిలక్కొట్టండి. మన బోరు నీళ్లు వాడితే ఉప్పు బొచ్చు మీద పేరుకుని గట్టిబడుతుంది. మామూలు బట్టల పౌడర్లు అసలు వద్దు, వాటిలో మరకలు తినే ఎంజైములు ఉంటాయి, మోహేర్ కూడా మన జుట్టులాగే ప్రొటీనే కాబట్టి దాన్నీ తింటాయి. బ్లీచింగ్, నిమ్మరసం, వెనిగర్ కూడా వద్దు.

ముందు వీపు కింది భాగంలో, రూపాయి బిళ్లంత చోట పరీక్ష చేయండి. తెల్లటి నూలు గుడ్డ తడిపి ఒక నిమిషం అద్దితే గుడ్డకి బొమ్మ రంగు అంటుకుంటే ఆపేయాలి. బూడిదరంగు మురికే వస్తే పర్వాలేదు. గిన్నెలో నీళ్లు వదిలేసి పైన తేలిన నురుగు మాత్రమే బ్రష్‌తో తీసుకోండి, గెడ్డం గీసుకునే బ్రష్ బాగా పనికొస్తుంది. అరచేయంత చోటు తీసుకుని, బొచ్చు చివర్ల మీద చిన్న చిన్న చుట్లు తిప్పండి. నొక్కకూడదు. కింద నేత బట్టకి తడి తగలకూడదు. కొద్దిసేపట్లోనే తెల్లటి నురుగు టీ రంగుకి తిరుగుతుంది, వెంటనే పొడి గుడ్డతో ఎత్తేయండి. తర్వాత డిస్టిల్డ్ వాటర్లో ముంచి గట్టిగా పిండేసిన గుడ్డతో రెండు మూడు సార్లు తుడిచి సబ్బు తీసేయండి. సబ్బు మిగిలితే బొచ్చు జిగటగా మారి దుమ్ముని మళ్లీ పట్టుకుంటుంది, అందుకే తుడవడం దగ్గరే ఓపిక కావాలి. ఆ చోటు అయ్యాకే పక్కకి జరగండి. చేతులు, కాళ్లు, ఒళ్లు ఒకరోజులో మొత్తం చేసేయాలన్న తొందర వద్దు. ఫెల్ట్ అరికాళ్లు, ముక్కు దారం, కాగితపు లేదా గుడ్డ లేబుళ్లు, చెవి బొత్తం చుట్టుపక్కల నురుగు తగలనివ్వకండి. గాజు కళ్లని చెవి పుల్ల కాస్త తడిపి తుడిస్తే సరిపోతుంది.

ఆరబెట్టడం నీడలో, ఫ్యాన్ కింద. ఎండలో పెడితే బొచ్చు వెలిసి పెళుసవుతుంది. హెయిర్ డ్రయ్యర్ వాడాలనుకుంటే చల్లగాలి మాత్రమే. మన దగ్గర ఈ పనికి సరైన కాలం డిసెంబరు నుంచి ఫిబ్రవరి. విశాఖలోనో కాకినాడలోనో వానాకాలంలో మొదలుపెడితే పైకి ఆరినట్టే ఉండి లోపల బూజు పడుతుంది. కొంచెం తడిగా ఉన్నప్పుడే పళ్లు ఎడంగా ఉన్న దువ్వెనతో బొచ్చు పెరిగిన దిక్కులోనే దువ్వండి, బోడి మచ్చల దగ్గర దువ్వొద్దు.

ముక్కవాసన వస్తుంటే బొమ్మని మూత ఉన్న డబ్బాలో పెట్టి, పక్కన ఒక కప్పులో యాక్టివేటెడ్ బొగ్గు పెట్టి కొన్ని వారాలు వదిలేయండి. బేకింగ్ సోడా బొచ్చు మీద చల్లమని చాలామంది చెబుతారు, ఆ పొడి నేత సందుల్లోంచి మళ్లీ పూర్తిగా రాదు. బూజు కనిపిస్తే మాస్కు పెట్టుకుని, ఆరుబయట, పొడి బ్రష్‌తోనే దులపండి.

కుట్టుపనిలో ఒకటే సూత్రం: ఉన్నదాన్ని తీయకుండా పైన చేయడం. ఊడిన కుట్టుకి నూలు దారం వాడండి. పాలిస్టర్ దారం మరీ గట్టిది, రేపు లాగుడు పడితే దారం తెగదు, పాత బట్టే చిరుగుతుంది. సోఫాలు కుట్టేవాళ్ల దగ్గరుండే వంకర సూదితో పాత రంధ్రాల్లోంచే, అటొక పోగు ఇటొక పోగు పట్టుకుంటూ లోపలివైపు నుంచి మెట్లలా కుట్టుకుంటూ పోతే బయటికి ఏమీ కనపడదు. ఫెల్ట్ అరికాళ్లు చిమ్మెటలు తినేస్తే వాటిని కోసి పారేయొద్దు, దగ్గర రంగు సన్నటి నెట్ గుడ్డ పైన కప్పి అంచులు కుట్టేయండి. చెయ్యి వేలాడుతోందంటే లోపల అట్టబిళ్ల నలిగిందో పిన్ను వదులైందో అని అర్థం. పాత స్టైఫ్‌లకి చేత్తో మూసిన కుట్టు ఛాతీ మధ్యలో ఉంటుంది, విప్పాల్సి వస్తే అక్కడే విప్పాలి, కానీ బట్ట పెళుసుగా ఉంటే విప్పకపోవడమే తెలివి. బొమ్మని వంచితే పొట్టలోంచి గుర్రుమనే గ్రౌలర్ మూగబోతే దాన్ని అలాగే వదిలేస్తాను నేను. అది బరువూ తిత్తీ ఉన్న చిన్న అట్ట డబ్బా, తీయాలంటే కుట్టు విప్పి లోపల కూరింది బయటికి లాగాలి.

తీసినవి ఏవైనా సరే, విరిగిన కన్ను, పాత దారం, తుప్పు పిన్ను, కాగితం కవర్లో వేసి తారీఖు రాసి బొమ్మతోపాటే ఉంచండి. దాచేటప్పుడు ప్లాస్టిక్ కవర్ వద్దు, చాలాసార్లు ఉతికి మెత్తబడిన తెల్ల నూలు పంచె ముక్కలో చుట్టి అట్టపెట్టెలో పెట్టండి, రెండు సిలికా జెల్ ప్యాకెట్లు వేయండి. షోకేసులో పెడితే ఎండ పడని గోడకి. రెండు మూడు నెలలకోసారి చంకలు, అరికాళ్లు, చెవుల వెనక చూసుకుంటూ ఉండాలి, చిమ్మెట మళ్లీ వస్తే ముందు అక్కడే కనపడుతుంది. పిల్లలకి ఆడుకోడానికి మాత్రం ఇవ్వకండి, పాత గాజు కళ్లు సన్నటి తీగ మీద నిలబడి ఉంటాయి, ఒక్క లాగుడుకి చేతిలోకి, అక్కడి నుంచి నోట్లోకి వెళ్తాయి.