తొలకరి పడేలోపు జింక్ యాష్ షెడ్డులో చూసుకోవాల్సినవి

వరినాట్ల కాలం దగ్గరపడేకొద్దీ జింకు సల్ఫేట్‌కు గిరాకీ పెరుగుతుంది. ఇనుముకు జింకు పూత వేసే గాల్వనైజింగ్ కంపెనీల నుంచి, కరిగిన జింకు మీద తేలే తెట్టును, అంటే జింక్ యాష్‌ను తెచ్చి, సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో కరిగించి ఆ ఎరువు తయారుచేసే యూనిట్లకు పని ఒత్తిడీ, వానలూ ఒకేసారి వచ్చిపడతాయి. నాకు టెన్షన్ అంతా అక్కడే.

యాష్ అని పేరేగానీ అదంతా బూడిద కాదు. ఒక బస్తా విప్పి గుప్పెడు తీసి చూడండి, మధ్యమధ్య మెరిసే జింకు ముద్దలు కనబడతాయి. తడి తగిలితే సరుకు వేడెక్కి హైడ్రోజన్ వదులుతుంది. రవాణా నిబంధనల్లో దీన్ని తడిస్తే ప్రమాదకరమైన సరుకుల్లో, యూఎన్ 1435 నంబరు కింద చేర్చింది ఇందుకే. కాబట్టి ముందు కప్పు రేకుల చిల్లులు పూడ్చండి, బస్తాలను నేల మీంచి లేపి చెక్కల మీద పేర్చండి. ఏ బస్తా అయినా చేతికి వెచ్చగా తగిలితే కుప్పలోంచి తీసి, వాన పడని, గాలి ఆడే చోట విడిగా పెట్టండి. అంటుకుంటే నీళ్లు కొట్టకూడదు, పొడి ఇసుకే వేయాలి.

ట్యాంకు దగ్గర యాసిడ్‌ను నీళ్లలో పోయాలి, నీళ్లను యాసిడ్‌లో కాదు. యాష్ కొద్దికొద్దిగా వేయాలి. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే నిప్పురవ్వ చాలు. బీడీ, వెల్డింగ్ దగ్గరకు రానివ్వొద్దు. జల్లు కొడుతోందని షట్టర్లు దించేసి పని చేయడం వానాకాలంలో అందరూ చేసే తప్పు. దించక తప్పకపోతే ట్యాంకులో యాష్ వేయడం ఆపండి.

అన్నిటికన్నా భయపడాల్సింది ఆర్సీన్ గ్యాస్‌కి, అంటే ఆర్సెనిక్, హైడ్రోజన్ కలిసి పుట్టే విషవాయువుకి. యాష్‌లో ఆర్సెనిక్ ఉంటే యాసిడ్ ట్యాంకులోనే పుట్టవచ్చు. ద్రావణంలోంచి కాడ్మియం, రాగి తీసేయడానికి జింకు పొడి వేసేటప్పుడూ పుట్టవచ్చు. రంగుండదు, కళ్లు మండవు. వెల్లుల్లి వాసన తెలిసేది సుమారు 0.5 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు అర పాలు) దగ్గర. అమెరికాలో కార్మికులకు పెట్టిన పరిమితి 0.05 పీపీఎం. అంటే వాసన వచ్చేసరికే పదింతలు దాటింది. కొత్త లోడు దిగగానే ఆర్సెనిక్ పరీక్ష చేయించండి, ట్యాంకు దగ్గర ఆర్సీన్ మీటరు పెట్టండి. మామూలు మాస్కును నమ్ముకోవద్దు. వాసన రాగానే బయటికి పరుగెత్తాలి. ఎవరైనా పడిపోయినా, గాలి సిలిండర్ సెట్ లేకుండా లోపలికి వెళ్లొద్దు.

ఆర్సీన్ పీల్చినవాళ్లు కొన్ని గంటలు బాగానే ఉంటారు. తర్వాత తలనొప్పి, వాంతులు, కడుపునొప్పి, ఎర్రగా నల్లగా మూత్రం మొదలవుతాయి. ఎర్రరక్తకణాలు పగిలిపోయి కిడ్నీలు దెబ్బతింటాయి. తెల్లారాక చూద్దామనుకోకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. డాక్టరు కామెర్లనో ఫుడ్ పాయిజనింగ్ అనో అనుకోకుండా, ‘ఆర్సీన్ తగిలి ఉండవచ్చు’ అని రాసిన, ఆసుపత్రికి వెంట తీసుకెళ్లాల్సిన కాగితం ప్రతి షిఫ్టు గదిలో ఇప్పుడే అంటించి ఉంచండి.