ఈఎంఎస్ సీసా మూత తీసే ముందు

రేపు నెల్లూరు మొలగొలుకుల వరి విత్తనాలను ఈఎంఎస్‌లో (ఇథైల్ మీథేన్‌సల్ఫొనేట్, జన్యువుల్లో మార్పులు తెచ్చే రసాయనం) నానబెట్టబోయే పిల్లలకు:

– ముందు ఇది అర్థం చేసుకోండి. ఈ రసాయనం డీఎన్‌ఏలోని నాలుగు అక్షరాల్లో (ఏ, టీ, జీ, సీ) ఒకటైన గ్వానిన్‌కు (జీ) ఇథైల్ గుంపును తగిలిస్తుంది. అలా మారిన గ్వానిన్ తన జోడీ సైటోసిన్‌ను (సీ) వదిలేసి థైమిన్‌తో (టీ) జతకడుతుంది. డీఎన్‌ఏ మళ్లీ కాపీ అయ్యేసరికి జీ-సీ ఉన్నచోట ఏ-టీ చేరుతుంది. వడ్లగింజకూ మీ చేతికీ దానికి తేడా తెలియదు.

– నైట్రైల్ గ్లౌజులు రెండు జతలు.

– పనంతా ఫ్యూమ్ హుడ్‌లోనే (ఆవిరిని బయటికి లాగేసే పెట్టె). మన ఉక్కపోత సంగతి తెలిసిందే, అయినా ఫ్యాన్ వేయొద్దు. ఆవిరి గదంతా పాకుతుంది.

– ఈఎంఎస్‌ను నిర్వీర్యం చేసే 10 శాతం సోడియం థయోసల్ఫేట్ ద్రావణం ముందే కలిపి పక్కన పెట్టుకోండి. వాడిన పిపెట్ టిప్పులు, మిగిలిన ద్రావణం, గింజలు కడిగిన నీళ్లు కూడా అందులోకే. సింకులోకి కాదు.

– నోటితో పిపెట్ పీల్చడం... ఇంకా చెప్పాల్సి రావడమే బాధ.

– గర్భిణులు ఈ పూటకు రావద్దు.