కారు ఇంజిన్ ఆయిల్ ఇంటి దగ్గరే మార్చుకోండి

నేను పోర్టులో ఫిట్టర్‌ని. మా కారు ఆయిల్ పెదవాల్తేరులో ఇంటి ముందే మారుస్తాను. స్పానర్ పట్టడం వచ్చిన ఎవరైనా చేసుకోగల పనే. కాకపోతే మన వైజాగ్‌లో ఏటవాలు వీధులతోనూ, ఉప్పుగాలితోనూ కాస్త జాగ్రత్తగా ఉండాలి.

ముందు చదునైన చోటు వెతకండి. వాలులో పాత ఆయిల్ పూర్తిగా దిగదు, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) కొలతా తప్పు చూపిస్తుంది. పైగా జాక్ జారుతుంది. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేర్‌లో ఉంచి, వెనక చక్రాలకి చెక్కలు అడ్డం పెట్టండి. ఒట్టి జాక్ మీద నిలబెట్టిన బండి కిందకి మాత్రం దూరొద్దు. లేపిన బండి బరువు మోసే జాక్ స్టాండ్‌లు కొనండి, ఈ ఖర్చు దగ్గర పిసినారితనం వద్దు.

ఇంజిన్ కొద్దిసేపు నడిపి ఆపండి. గోరువెచ్చని ఆయిల్ త్వరగా దిగుతుంది, మరీ వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది.

అసలు పని డ్రెయిన్ ప్లగ్ దగ్గరే, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ పాన్‌కి ఉండే, పాత ఆయిల్ దింపే బోల్టు దగ్గర. బీచ్ పక్కన తిరిగే బండికి ప్లగ్ తల తుప్పు పట్టి ఉంటుంది. ఓపెన్ స్పానర్ వేసి గుంజితే మూలలు అరిగిపోయి ఇక దేనికీ పట్టదు. వైర్ బ్రష్‌తో తుప్పు రాల్చి, ఆరు మూలల సాకెట్ పూర్తిగా కూర్చున్నాకే బలం పెట్టండి. వదులయ్యాక చివరి చుట్లు ప్లగ్‌ని పైకి నొక్కి పట్టి చేత్తోనే తిప్పి, చటుక్కున పక్కకి తీసేసి, ఆయిల్‌ని కింద పెట్టిన తొట్టిలోకి దిగనివ్వండి. తిరిగి పెట్టేటప్పుడు కొత్త వాషర్ వెయ్యాలి. మొదటి చుట్లు వేళ్లతోనే ఎక్కించండి. అడ్డంగా ఎక్కితే ఆయిల్ పాన్ మరలు పోతాయి.

పాత ఫిల్టర్ తీశాక దాని రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుపోయిందేమో వేలితో తడిమి చూడండి. దాని మీదే కొత్తది బిగిస్తే ఆయిల్ కారుతుంది. కొత్త రింగుకి కాస్త ఆయిల్ రాసి చేత్తోనే బిగించండి.

ఆయిల్ గ్రేడు, లీటర్లు బండి పుస్తకంలో ఉంటాయి. చెప్పినదానికన్నా కొంచెం తక్కువ పోసి, ఒక నిమిషం ఇంజిన్ నడిపి, కింద కారుతోందేమో చూడండి. ఆపి అయిదు నిమిషాలయ్యాక డిప్‌స్టిక్ చూస్తూ సరిచేయండి. పై గీత దాటనివ్వొద్దు.

పాత ఆయిల్ గెడ్డలో (వాగులో) పారబోయకండి. ఆ నీళ్లు చేరేది సముద్రానికే, పెదజాలరిపేట వాళ్లు వలలు వేసేదీ అందులోనే. చట్టం కూడా దాన్ని ప్రమాదకర వ్యర్థంగానే లెక్కగడుతుంది. కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోకే పోసి మూత బిగించి, అనుమతి ఉన్న రీసైక్లర్లకి పంపే గ్యారేజీలో ఇవ్వండి. తీసుకుంటారో లేదో ప్లగ్ విప్పకముందే అడిగి పెట్టుకోండి.